గాలి మళ్లే దాకా ఆగే చోటు: మలక్కా జలసంధిలో మూడు మతాల రాజ్యాలు, ఒకే సుంకం

689లో ఇత్సింగ్ అనే చైనా బౌద్ధ భిక్షువు సుమత్రా దీవిలోని శ్రీవిజయ రేవులో ఒక ఓడ ఎక్కాడు. ప్రయాణం చేద్దామని కాదు. నలందలో ఏళ్ల తరబడి చదివి తెచ్చుకున్న సంస్కృత గ్రంథాలను అనువదించడానికి కాగితం, సిరా, లేఖకులు కావాలని కాంటన్‌కు ఉత్తరం పంపే పని మీద ఎక్కాడు. ఆయన ఓడ మీద ఉండగానే గాలి అందుకుంది. సరంగు తెరచాపలు ఎత్తించేశాడు. గ్రంథాలన్నీ శ్రీవిజయంలో ఉండిపోయాయి, భిక్షువు మాత్రం కాంటన్‌లో దిగాడు. మళ్లీ అనుకూలమైన గాలి వచ్చాక కొందరు సహాయకులను వెంటబెట్టుకుని తన పుస్తకాల దగ్గరికి తిరిగి రావలసి వచ్చింది.

గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలని మన రైతులు అంటారు. ఆ సముద్రంలో బతుకంతా అదే. నైరుతి గాలి భారతదేశపు తీరాల నుంచి ఓడలను తూర్పుకు తోసుకెళ్తుంది. ఆరు నెలల తరువాత ఈశాన్య గాలి చైనా ఓడలను దక్షిణానికి దింపుతుంది. ఈ రెండు దారులూ కలిసేది సుమత్రా దీవికీ మలయా ద్వీపకల్పానికీ నడుమ సుమారు 800 కిలోమీటర్ల పొడవున సాగే సన్నటి నీటిదారిలో. అదే మలక్కా జలసంధి. పడమటి నుంచి వచ్చినవాడికైనా, చైనా నుంచి వచ్చినవాడికైనా తిరుగు గాలి కోసం ఎక్కడో ఒకచోట నెలల తరబడి ఆగక తప్పదు. ఆగినవాడికి మంచినీళ్లు కావాలి, బియ్యం కావాలి, సరుకు దాచుకునే గిడ్డంగి కావాలి, తన భాష తెలిసిన దుబాసీ కావాలి, దొంగల భయం లేదన్న హామీ కావాలి. ఇవన్నీ సమకూర్చి, బదులుగా సుంకం పట్టుకునేవాడే ఆ ప్రాంతానికి రాజు.

ఇండోనేషియా, మలేషియా దేశాల పూర్వ చరిత్రను పాఠ్యపుస్తకాలు సాధారణంగా మూడు గదులుగా కట్టి చూపిస్తాయి. ముందు హిందూ రాజ్యాలు, తరువాత బౌద్ధం, ఆపైన ఇస్లాం. ఒకటి వచ్చి మరొకదాన్ని తోసేసినట్టు చెబుతాయి. ఈ గదుల గోడలు మనం కట్టినవే. శాసనాలనూ సమాధి రాళ్లనూ దగ్గరగా చదివితే అక్కడ లేచిందీ పడిందీ మతం కాదని తెలుస్తుంది. ఓడలు ఎవరి రేవులో ఆగుతాయన్న ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లా రాజ్యం మారింది. మతం ఆ రేవుకు వచ్చే వర్తకులు ఒకరినొకరు నమ్మడానికి వాడుకున్న భాషగా పనిచేసింది. అది తక్కువ సంగతేమీ కాదు. అయితే కూలదోసినది అది కాదు.

తాతకు స్థానిక పేరు, మనవడికి సంస్కృత పేరు

ఇండోనేషియాలో దొరికిన శాసనాల్లో అన్నిటికన్నా పాతవి బోర్నియో దీవి తూర్పు తీరంలోని కూతై దగ్గర ఉన్నాయి. అవి యూప స్తంభాలు, అంటే యజ్ఞం కోసం నిలిపే కంబాలు. క్రీ.శ. 400 ప్రాంతానివి. దక్షిణ బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపి, అంటే తెలుగు లిపికి పూర్వరూపాలున్న కుటుంబానిదే. భాష సంస్కృతం. మూలవర్మ అనే రాజు బ్రాహ్మణులకు 20,000 గోవులను దానం చేశాడని వాటిలో ఉంది. దానం కన్నా ఆ వంశంలోని పేర్లు ఎక్కువ చెబుతాయి. మూలవర్మ తండ్రి అశ్వవర్మ. తాత పేరు మాత్రం కుండుంగ, అచ్చమైన స్థానిక నామం. బయటినుంచి ఏ సైన్యమూ వచ్చి ఆ నేలను గెలవలేదు. ఊరి పెద్ద కొడుకు, మనవడు పడమటి నుంచి వచ్చే ఓడల వాళ్లకు అర్థమయ్యే రాచరికపు వేషం వేసుకున్నారు. పురోహితులను పిలిపించుకుని యజ్ఞం చేయించి, దూరదేశపు వర్తకుడి కళ్లలో తాము కూడా రాజులమే అనిపించుకున్నారు.

జావా పడమటి కొసన తారుమానగరాన్ని ఏలిన పూర్ణవర్మ మరో అడుగు ముందుకు వేశాడు. చియారుతెఉన్ ఏటి దగ్గర ఒక బండ మీద తన పాదముద్రలు చెక్కించి, అవి విష్ణు పాదాల్లాంటివని రాయించాడు. తుగు శాసనంలో ఆయన గోమతి అనే కాలువను 21 రోజుల్లో తవ్వించి, వెయ్యి గోవులను దానమిచ్చినట్టు ఉంది. రాసింది భక్తి గురించి, తవ్వించింది కాలువ. ఆ చరిత్రలో ఈ రెండూ ఎప్పుడూ జంటగానే కనబడతాయి.

శ్రీవిజయం ఆ పద్ధతిని దీవి స్థాయి నుంచి సముద్రం స్థాయికి పెంచింది. ఈ రాజ్యం గురించి 20వ శతాబ్దం దాకా ప్రపంచం పూర్తిగా మరిచిపోయిందంటే నమ్మబుద్ధి కాదు. 1918లో జార్జ్ సెడెస్ అనే ఫ్రెంచి పండితుడు చైనా రాతల్లోని ఒక పేరునూ, సుమత్రా శాసనాల్లోని ఒక పేరునూ, చోళ శాసనాల్లోని ఒక పేరునూ పక్కపక్కన పెట్టి, ఇవన్నీ ఒకే రాజ్యమని తేల్చేదాకా అలాంటిది ఉండేదన్న తలంపే లేదు. గుర్తుండిపోయే రాతి నగరం ఏదీ శ్రీవిజయం కట్టలేదు. దాని రాజధాని పాలెంబాంగ్‌లో మూసీ నది ఒడ్డున (హైదరాబాదు ఏటి పేరే ఆ నదికీ ఉండడం కాకతాళీయమే) చెక్కతో, వెదురుతో కట్టిన ఇళ్లు, తెప్పల మీద తేలే కొట్లు. కాలం వాటిని తినేసింది.

మిగిలినవి రాళ్లు. 682 నాటి కెడుకాన్ బుకిత్ శాసనంలో దపుంత హ్యాంగ్ అనే నాయకుడు 20,000 మంది సేనతో, 1,312 మంది కాలినడకన రాగా, జైత్రయాత్ర చేశాడని ఉంది. రెండేళ్ల తరువాతి తలాంగ్ తువో శాసనంలో శ్రీ జయనాశుడు ప్రజల కోసం, సకల ప్రాణుల మేలు కోసం కొబ్బరి, పోక, తాటి చెట్లతో తోట వేయించాడు. అది మహాయాన బౌద్ధపు మాట. మూడోది తెలగ బతు రాయి. దాని పైన ఏడు పడగల నాగం, కింద నీళ్లు జారే కొమ్ము. రాజకుమారులూ సేనానులూ ఓడల యజమానులూ వర్తకులూ దొంగలతో చేయి కలిపితే, ద్రోహం తలపెడితే చస్తారన్న శాపం ఆ రాతి మీద చెక్కారు. రాతి మీద నీళ్లు పోసి, జారిన నీటిని ప్రమాణం చేసేవాడి చేత తాగించేవారని పండితుల అంచనా. ఒక రాజ్యం మొత్తం నమ్మకం మీద నిలబడినప్పుడు ఆ నమ్మకాన్ని కడుపులోకి దింపే పద్ధతి ఇది.

అంత గట్టి ప్రమాణం ఎందుకంటే, ఆ నీళ్లలో అసలు బలం రాజుది కాదు. ఓడల్లోనే పుట్టి ఓడల్లోనే బతికే సముద్రపు జనానిది. మలయు భాషలో వాళ్లను ఒరాంగ్ లౌత్ అంటారు. ఇసుక మేటలు, సుడులు, సందులు వాళ్లకే తెలుసు. వాళ్లు రాజు పక్షాన ఉంటే కాపలాదారులు, లేకపోతే దొంగలు. శ్రీవిజయం చేసిన గొప్ప పని వాళ్లకు కొల్లగొట్టడం కన్నా కాపలా కాయడంలోనే ఎక్కువ లాభం చూపించడం.

ఇక ఓడల్లోని సరుకు. 1998లో బెలితుంగ్ దీవి దగ్గర సముద్రపు అడుగున దొరికిన 9వ శతాబ్దపు ఓడలో సుమారు 60,000 చైనా పింగాణీ పాత్రలు ఉన్నాయి. ఆ ఓడ పలకలను మేకులు లేకుండా తాళ్లతో కుట్టారు, అది పశ్చిమాసియా పద్ధతి. చైనా సరుకు, అరబ్బుల ఓడ, బౌద్ధ రాజు ఏలిన సముద్రం. సుమత్రా అడవుల నుంచి సాంబ్రాణి, కర్పూరం. తూర్పున మలుకు దీవుల్లో అయిదు చిన్న దీవుల మీద మాత్రమే పెరిగే లవంగం. బాండా దీవుల్లో తప్ప అప్పటికి ప్రపంచంలో మరెక్కడా లేని జాజికాయ, జాపత్రి. మన ఇళ్లలో హారతి పళ్లెంలోనూ పోపుల డబ్బాలోనూ ఇప్పటికీ ఉన్న ఈ అయిదు వస్తువుల వెనక వెయ్యేళ్ల నౌకాయానం ఉంది. ఉత్తర సుమత్రాలోని బరుస్ రేవు పేరు మీద ఇండోనేషియాలో కర్పూరాన్ని నేటికీ ‘కాపుర్ బరుస్’ అనే అంటారు.

విహారానికి ఊరిచ్చిన చేతితోనే

శ్రీవిజయ రాజులు ధర్మాన్ని తమ విదేశాంగ విధానంగా నడిపారు. 9వ శతాబ్దంలో సువర్ణద్వీపపు, అంటే సుమత్రా, రాజు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించాడు. దాని పోషణకు పాల వంశపు రాజు దేవపాలుడు అయిదు గ్రామాలు ఇచ్చినట్టు నలందలో దొరికిన రాగిరేకు చెబుతుంది. తమిళ తీరాన నాగపట్టణంలో శ్రీవిజయ రాజు మారవిజయోత్తుంగ వర్మ తన తండ్రి పేరిట చూడామణి విహారం కట్టించాడు. పరమ శైవుడైన రాజరాజ చోళుడు 1006 ప్రాంతంలో దానికి ఆనైమంగళం అనే ఊరి ఆదాయాన్ని రాసిచ్చాడు. విహారం ఉన్న రేవులో ఆ దేశపు వర్తకులు దిగుతారు, పూజ చేస్తారు, బేరం చేస్తారు. విదేశీ రేవులో ఒక గుడి అంటే మన మనుషులు ఇక్కడ ఉన్నారన్న ధైర్యం.

ఆ ఊరు దానమిచ్చిన చోళుడి కొడుకే 1025లో శ్రీవిజయం మీద నౌకాదళాన్ని పంపాడు. రాజేంద్ర చోళుడి సేన రాజు సంగ్రామ విజయోత్తుంగ వర్మను పట్టుకుంది, విద్యాధర తోరణమనే రత్నాల ద్వారాన్ని ఎత్తుకొచ్చింది. కడారం, పన్నై, మలైయూరు, నక్కవారం అంటూ కొల్లగొట్టిన రేవుల పేర్లు తంజావూరు శాసనంలో వరుసగా ఉన్నాయి. వాటిని పటం మీద గుర్తిస్తే జలసంధికి రెండు వైపులా ఉన్న కావలి చోట్లన్నీ పడతాయి. ఇది శైవుడు బౌద్ధుడి మీద చేసిన దండయాత్ర కాదు. చోళులు 1015లోనే చైనాకు నేరుగా రాయబారం పంపారు. చైనాతో వ్యాపారం మధ్యలో దళారీ లేకుండా చేయాలన్నది వాళ్ల కోరిక కావచ్చు. తమ రేవుకు రాకుండా దాటిపోయే ఓడల మీద శ్రీవిజయపు పడవలు ఒక్కుమ్మడిగా విరుచుకుపడేవని, అడ్డంగా ఇనుప గొలుసు కూడా ఉండేదని చైనా అధికారి జావో రుగువా 1225లో రాశాడు. ఆగాలా వద్దా అన్న ఎంపిక లేని రేవు మీద వర్తకుడికి ఉండేది గౌరవం కాదు, కక్ష.

చోళులు అక్కడ ఉండిపోలేదు. కొట్టి వెనక్కి వచ్చారు. కొన్నేళ్లకే సంబంధాలు మళ్లీ కలిశాయి. ఈ కలయికలో తెలుగు నేల పాత్ర ఉంది. రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి కొడుకు, రాజేంద్ర చోళుడికి కూతురి కొడుకు, 1070లో కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. తమిళులు ఆయనకు ‘సుంకం తవిర్త’, అంటే సుంకాలు ఎత్తేసినవాడు అని బిరుదిచ్చారు. 1090లో కడారపు రాజు, అంటే శ్రీవిజయ రాజు, పంపిన రాయబారులు అడిగితే ఆ నాగపట్టణం విహారపు భూములకు పన్నులు మినహాయిస్తూ రాగిరేకు వేయించినవాడు ఈ వేంగి బిడ్డే. దాదాపు అదే సమయంలో, 1088లో, బరుస్ దగ్గర లోబు తువాలో ‘ఐనూర్రువర్’ అనే అయిదువందల వారి వర్తక సంఘం తమిళ శాసనం వేసింది. తాత సేన గెలిచిన దానికన్నా మనవడి పన్ను మినహాయింపు, వర్తకుల సంఘం రాయి ఎక్కువ కాలం పనిచేశాయి.

శ్రీవిజయాన్ని అసలు కుంగదీసింది మాత్రం చోళుల దాడి కూడా కాదు, చైనా విధానంలో వచ్చిన మార్పు. సాంగ్ వంశపు రాజులు తమ వర్తకులను సొంత ఓడల్లో బయటికి వెళ్లనిచ్చారు. 1087లో క్వాన్‌జౌ రేవులో సముద్ర వ్యాపార కార్యాలయం తెరిచారు. చైనా వర్తకుడే నేరుగా జావాకో, ఉత్తర సుమత్రాకో వెళ్లి మిరియాలు కొనగలిగినప్పుడు పాలెంబాంగ్‌లో ఆగవలసిన పనేముంది? ఒక్క పెద్ద రేవు పోయి పది చిన్న రేవులు లేచాయి.

ఆ పది రేవుల పోటీ మన తెలుగు తీరానికీ చేరింది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు దోచుకునేవారని, తాను ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకునే ఓడ వర్తకుల మీద దయతో నిర్ణీత సుంకం తప్ప అంతా వదిలేస్తున్నానని అందులో ఉంది. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. కర్పూరం, చైనా పట్టు, మంచిగంధం, ముత్యాలు, మిరియాలు, పోకచెక్కలు అంటూ జాబితా కూడా ఉంది. దయ అన్న మాట రాతి మీద బాగుంటుంది. దాని వెనక ఉన్నది ఓడలను పక్క రేవుకు పోనివ్వకూడదన్న లెక్క. పాలెంబాంగ్ గొలుసుకూ మోటుపల్లి రాయికీ ఉన్న తేడాలోనే ఈ చరిత్ర సగం ఉంది.

త్రోలాయ సమాధులు

జావాది వేరే కథ. అది అన్నం పెట్టే దీవి. అగ్నిపర్వతాల బూడిదతో సారం పట్టిన నేల, ఏళ్లు, వరి. 800 ప్రాంతంలో శైలేంద్ర వంశపు బౌద్ధ రాజులు బొరొబుదూరు స్తూపం లేపారు. అక్కడికి కొద్ది దూరంలోనే 856 నాటికి ప్రంబనాన్ శివాలయం లేచింది. తక్కువ కాలంలో, ఒకే మైదానంలో, ఒకే తరహా శిల్పులు రెండు మతాలకూ కట్టారు. 10వ శతాబ్దంలో అధికారం జావా తూర్పు భాగానికి, బ్రాంతాస్ నది ఒడ్డుకు జరిగింది. లోపల వరి, నది చివర రేవు. ఈ రెండూ ఒకే చేతిలోకి వచ్చాయి. మలుకు, బాండా దీవుల వాళ్లకు లవంగాలూ జాజికాయలూ ఉన్నాయి గాని తినడానికి బియ్యం లేదు. జావా బియ్యం ఇచ్చి సుగంధ ద్రవ్యాలు తెచ్చుకుంది. తరువాతి రోజుల్లో ఈ మారకంలో భారతీయ బట్టలు కూడా చేరాయి.

జావాలో తరువాత లేచిన మజాపహిత్ రాజ్యపు పుట్టుకే ఒక పెద్ద సముద్రయానం ఫలం. తూర్పు జావాలోని సింగసారి రాజు కృతనగరుడు, చైనాను ఏలుతున్న మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ రాయబారి ముఖాన్ని గాయపరిచి పంపాడు. 1292లో చైనా నుంచి బయల్దేరిన మంగోలు సేన జావా చేరేసరికి కృతనగరుడు తన సామంతుడి చేతిలోనే చనిపోయి ఉన్నాడు. అల్లుడు రాదెన్ విజయుడు ఆ సేననే తన శత్రువు మీదికి నడిపించి, పని అయ్యాక దాని మీదే తిరగబడి సముద్రంలోకి తరిమాడు. 1293లో మజాపహిత్ మొదలైంది. 14వ శతాబ్దంలో మహామంత్రి గజమద, రాజు హయం వురుక్ కాలంలో అది ఆ దీవులన్నిటికీ పెద్ద దిక్కయింది. దాన్ని హిందూ సామ్రాజ్యమని ఒక్క మాటలో తేల్చడం సరికాదు. శివుడు, బుద్ధుడు ఒకే తత్వమని అక్కడి ఆస్థానం నమ్మింది. ‘భిన్నేక తుంగల్ ఇక’, వేరైనా ఒకటే అన్న మాట ఆ కాలపు కవి మ్పు తంతులర్ శివబుద్ధుల గురించి రాసింది. ఈ రోజు ఆ మాట ఇండోనేషియా రాజచిహ్నం మీద ఉంది.

ఆ రాజధాని త్రోవులాన్‌లో త్రోలాయ అనే చోట కొన్ని సమాధి రాళ్లున్నాయి. ఒక వైపు అరబ్బీలో ఖురాను వాక్యాలు. మరో వైపు జావా అంకెల్లో శక సంవత్సరాలు: 1290, 1298. అంటే 1368, 1376. కొన్నింటి మీద మజాపహిత్ సూర్య చిహ్నం కూడా ఉంది. విదేశీ వర్తకులైతే హిజ్రీ సంవత్సరం రాసుకునేవారు. శక సంవత్సరం వేయించుకుని, రాచ నగరంలో సమాధి కాగలిగిన వీళ్లు జావావాళ్లే, అందులోనూ పెద్ద కుటుంబాలవాళ్లే అయి ఉండాలి. హయం వురుక్ బతికి ఉండగానే, సామ్రాజ్యం శిఖరాన ఉండగానే, ఆస్థానం అంచుల్లో ముస్లింలున్నారు. ఎవరూ ఎవరినీ తరమలేదు. మూడు గదుల చరిత్ర ఈ కొద్దిపాటి రాళ్ల ముందు నిలవదు.

మజాపహిత్ బలహీనపడింది ఇంటి గొడవతో. 1404 నుంచి 1406 దాకా సాగిన పరెగ్రెగ్ యుద్ధం తూర్పు పడమర ఆస్థానాల మధ్య, ఒకే వంశం లోపల జరిగింది. ఆ లోగా ఉత్తర తీరపు రేవులు, తూబన్, గ్రెసిక్, దెమాక్, సొంతంగా సంపాదించుకోవడం నేర్చాయి. లోపలి రాజుకు పంపవలసిన కప్పం ఎందుకు పంపాలన్న ప్రశ్న తీరానికి పుట్టింది. 1413లో అటు వెళ్లిన మా హువాన్ అనే చైనా ముస్లిం, జావాలో పడమటి నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లింలు, చైనావాళ్లు, స్థానికులు అని మూడు రకాల జనాన్ని లెక్కపెట్టాడు. 1527 ప్రాంతంలో దెమాక్ సుల్తాను చేతిలో ఆ పాత రాజ్యపు చివరి ముక్క పడిపోయేనాటికి, పడడానికి మిగిలింది కొద్దే.

నలుగురు షాబందర్లు

ఇస్లాం ఇక్కడికి కత్తి పట్టుకుని రాలేదన్న మాట తరచూ వింటాం. నిజమే, అయితే అంతటితో ఆపితే అసలు ప్రశ్న మిగిలిపోతుంది: ముస్లిం వర్తకులు శతాబ్దాల ముందు నుంచీ వస్తూనే ఉన్నా, రాజులు 13వ శతాబ్దం చివర్లోనే ఎందుకు మతం మారారు? ఉత్తర సుమత్రాలో సముద్ర పసై తొలి సుల్తాను మలిక్ అల్ సాలిహ్ సమాధి మీద ఉన్న సంవత్సరం 1297. శ్రీవిజయపు పెత్తనం విరిగిపోయి చిన్న రేవులు పోటీ పడుతున్న కాలం అది. కైరో నుంచి గుజరాత్ మీదుగా చైనా క్వాన్‌జౌ దాకా ఒకే రకమైన ఒప్పందాల చట్టం, ఒకే ప్రార్థన, పెళ్లి సంబంధాలు ఉన్న వర్తక సమాజాన్ని తన రేవుకు రప్పించుకోవాలంటే చిన్న రాజు దగ్గర ఉన్న మేలైన దారి ఆ సమాజంలో ఒకడు కావడం. మూలవర్మ యజ్ఞం చేసిందీ, శ్రీవిజయ రాజు నలందలో విహారం కట్టిందీ ఏ కారణానికో, అదే కారణం. సూఫీ గురువుల ప్రభావం, సొంత విశ్వాసం ఉన్నాయి. వాటికి తలుపు తెరిచింది మాత్రం రేవు.

మలక్కా ఆ పద్ధతికి పరాకాష్ఠ. 1400 ప్రాంతంలో పాలెంబాంగ్ నుంచి వచ్చిన పరమేశ్వరుడనే రాకుమారుడు, సింగపూరు మీదుగా, కొందరు సముద్రపు జనంతో అక్కడ దిగాడు. 1411లో స్వయంగా చైనా చక్రవర్తి దగ్గరికి వెళ్లి కలిశాడు. మింగ్ వంశం తన వర్తకులను బయటికి వెళ్లవద్దని ఆంక్షలు పెట్టిన కాలంలో, జెంగ్ హె నాయకత్వంలో 1405 నుంచి 1433 దాకా తిరిగిన రాచ ఓడలకు మలక్కా గిడ్డంగి అయింది. సియాం (నేటి థాయిలాండ్), మజాపహిత్ భయం అలా తీరింది. తరువాతి రాజులు గుజరాతీ, తమిళ ముస్లిం వర్తకులను రప్పించుకున్నారు. 1440ల నాటి రాజు బిరుదు ‘శ్రీ పరమేశ్వర దేవ షా’. సంస్కృతం, పారసీకం ఒకే నోటిలో. ఏది ముగిసి ఏది మొదలైందో ఆ బిరుదులో గీత గీసి చెప్పడం అసాధ్యం.

పాలన మాత్రం చాలా స్పష్టం. నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు. గుజరాతీలకు ఒకడు, కళింగులకు, బెంగాల్, పెగూ, పసై వాళ్లకు ఒకడు, జావా, మలుకు, బాండా, పాలెంబాంగ్ వాళ్లకు ఒకడు, చైనా, చంపా, ర్యుక్యు వాళ్లకు ఒకడు. మచిలీపట్నాన్ని మన వాళ్లు పిలిచే ‘బందరు’, ఈ ‘షాబందరు’ ఒకే పారసీక మాట నుంచి వచ్చాయి. ‘కళింగులు’ అన్న మాట మలయు భాషలో ‘క్లింగ్’ అయి, కోరమాండల్ తీరపు జనమందరికీ, ముఖ్యంగా తమిళులకు, పేరుగా నిలిచింది. ఒకప్పటి గౌరవమైన వర్తక నామం నేటి మలేషియాలో తిట్టుగా మారిపోవడం బాధ కలిగించే విషయం. పడమటి వర్తకుల సరుకు మీద 6 శాతం సుంకం, తూర్పు నుంచి వచ్చేవాళ్లకు సుంకానికి బదులు కానుకలు. ఓడ దిగిన సరుకు విలువను అక్కడి వర్తకుల బృందమే కట్టేది. లంచానికి చోటు తగ్గేది, గాలి మారేలోపు పని అయ్యేది. మలక్కా వీధుల్లో 84 భాషలు వినబడేవని పోర్చుగీసు అధికారి టొమే పిరెస్ రాశాడు.

1511 ఆగస్టులో పోర్చుగీసు సేనాని ఆల్బుకెర్క్ సుమారు 1,200 మందితో వచ్చి మలక్కాను పట్టుకున్నాడు. మసీదునూ పాత సమాధులనూ పడగొట్టి ఆ రాళ్లతో కోట కట్టాడు. ఆ దాడిలో పోర్చుగీసులకు సాయపడినవాడు నీనా చాతు అనే హిందూ వర్తకుడు. తరువాత అతణ్ణి కళింగుల మీద పెద్దగా నియమించారు. 1522లో పడమటి జావాలోని హిందూ రాజు, దెమాక్ నుంచి రక్షణ కోసం, ఇదే పోర్చుగీసులతో ఒప్పందం చేసుకున్నాడు. మతం పేరిట చూస్తే ఇవన్నీ చిక్కుముడులు. రేవు లెక్కన చూస్తే చిక్కేమీ లేదు.

పోర్చుగీసులు చేసిన తప్పు పాత శ్రీవిజయం చేసినదే. బలవంతంగా ఆపి వసూలు చేద్దామనుకున్నారు. ముస్లిం వర్తకులు ఓడలు తిప్పుకుని చుట్టుపక్కల రేవులైన అచే, జొహోర్, బాంతెన్‌లకు వెళ్లిపోయారు. 16వ శతాబ్దం రెండో సగానికల్లా అచే నుంచి ఎర్ర సముద్రానికి నేరుగా మిరియాలు వెళ్లాయి. ఆ అచేకే గోల్కొండ రాజ్యపు మచిలీపట్నం ఓడలు కృష్ణా, గోదావరి డెల్టాల బట్టలు మోసుకెళ్లాయి. నగరం చేజిక్కింది గాని వ్యాపారం చేజిక్కలేదు.

చేజిక్కించుకోవడం ఎలాగో డచ్చి కంపెనీ కనిపెట్టింది. 1606 నాటికి దాని కోఠీ మచిలీపట్నంలో ఉంది. కారణం సూటిగా ఉంది: బాండా, మలుకు దీవుల్లో వెండి కన్నా కోరమాండల్ బట్టకు గిరాకీ. ఇక్కడి నేతగాడి గుడ్డ ఇస్తే అక్కడ జాజికాయ వస్తుంది. కాని కంపెనీకి మంచి బేరం చాలలేదు, ఒక్కడే కొనాలన్న హక్కు కావాలి. ఇంకెవరికీ అమ్మకూడదన్న షరతుకు బాండా జనం కట్టుబడలేదు. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ సేనతో దిగి, వాళ్ల పెద్దల్లో 44 మందిని నరికించాడు. సుమారు 15,000 మంది ఉన్న ఆ దీవుల్లో మిగిలింది వెయ్యి మంది లోపే. చచ్చినవాళ్లు చావగా, పారిపోయినవాళ్లు పోగా, తోటల్లో పనికి బానిసలను తెచ్చారు. శ్రీవిజయపు గొలుసు గాని, చోళుల దాడి గాని, మలక్కా సుంకం గాని, సరుకు పండించే జనాన్నే తుడిచిపెట్టలేదు. అంతకు ముందరి వెయ్యేళ్లలో రాజ్యాలెన్ని మారినా తోట దాని యజమాని చేతిలోనే ఉంది. ఆ తెగింపు దగ్గర ఈ చరిత్ర విరిగింది.

జావాలో కొత్త ముస్లిం రాజ్యం మతారాం దీనికి ఇచ్చిన జవాబు విషాదకరం. సుల్తాన్ అగుంగ్ 1628, 1629లో డచ్చి కంపెనీ కేంద్రమైన బటావియాను (నేటి జకార్తా) ముట్టడించి ఓడాడు. ఆయన కొడుకు మొదటి అమంగ్కురత్ 1655లో తన రేవులనే మూయించి, ఓడలను ధ్వంసం చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. తీరపు వర్తకులు బలపడితే తనకే ముప్పని భయం. బొరొబుదూరు గోడల మీద తెరచాప ఓడలు చెక్కిన దీవి సముద్రానికి వీపు తిప్పుకుంది.

తలుపు తెరిచి ఉంచిన చివరి పెద్ద రేవు సులావెసి దీవిలోని మకాసర్. అక్కడి గోవా రాజ్యం 1605లో ఇస్లాం తీసుకుంది. పోర్చుగీసులు, ఇంగ్లీషువాళ్లు, డేనులు, గోల్కొండ వర్తకులు అందరూ అక్కడ కొట్లు పెట్టుకున్నారు. మంత్రి పత్తింగల్లోవాంగ్ పోర్చుగీసు ధారాళంగా మాట్లాడేవాడు, యూరపు నుంచి పెద్ద భూగోళం తెప్పించుకున్నాడు. 1615లో డచ్చివాళ్లు ఇతరులతో వ్యాపారం మానమని అడిగినప్పుడు సుల్తాన్ అలావుద్దీన్ చెప్పింది ఇది: దేవుడు నేలనూ సముద్రాన్నీ చేశాడు, నేలను మనుషులకు పంచాడు, సముద్రాన్ని మాత్రం అందరికీ ఉమ్మడిగా ఇచ్చాడు, సముద్రయానం చేయవద్దని ఎవరినైనా అన్నమాట ఇంతవరకూ వినలేదు.

అర్ధ శతాబ్దం ఆ మాట నిలిచింది. 1667లో బొంగాయ ఒప్పందం మీద మకాసర్ చేత సంతకం పెట్టించుకున్నారు, 1669లో సొంబా ఓపు కోట కూలింది. డచ్చివాళ్లతో కలిసి ఆ కోట మీదికి నడిచినవాడు అరుంగ్ పలక్క, బుగిస్ తెగ రాకుమారుడు, ముస్లిమే. ఆ తరువాత మచిలీపట్నం బట్ట ఆ దీవులకు వెళ్తూనే ఉంది, కంపెనీ ఓడల్లో, కంపెనీ ధరకు.